ప్యాంక్రియాటైటిస్‌కి మంచి బ్యాక్టీరియా మందా? అపోహలు - వాస్తవాలు

నేను విజయవాడ సూర్యారావుపేటలో గ్యాస్ట్రో డాక్టర్‌ని. తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్‌తో (క్లోమం వాపు) మనిషి ఐసీయూలో ఉంటే బయట కూర్చున్నవాళ్లు ఈమధ్య ఫోన్లో వీడియో చూపించి అడుగుతున్నారు, "పేగుల్లోకి మంచి బ్యాక్టీరియా ఎక్కిస్తే తగ్గుతుందంట కదా డాక్టర్ గారూ?" అని. ఇంటి నుంచి ఫ్లాస్కులో మజ్జిగ తెచ్చి, రెండు గుక్కలు పట్టించమని బతిమాలే అమ్మలూ ఉన్నారు.

అపోహ: ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న) పొడి వేస్తే పోయేదేముంది?

వాస్తవం: ప్రాణం పోవచ్చు. ఒకప్పుడు డాక్టర్లం కూడా దాని మీద ఆశపడ్డాం. క్లోమం బాగా వాచినప్పుడు పేగులకు రక్తం సరిగ్గా అందదు, పేగు గోడ దెబ్బతింటుంది. లోపలే ఉండాల్సిన ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా ఆ గోడ దాటి, చచ్చిపోయిన క్లోమం భాగంలో చేరి చీము పట్టిస్తాయి. మంచివాటిని పెంచితే వీటికి అడ్డుకట్ట పడుతుందని నెదర్లాండ్స్‌లో 15 ఆసుపత్రులు కలిసి పరీక్షించాయి. ఆరు రకాల బ్యాక్టీరియా ఉన్న పొడిని ట్యూబు ద్వారా చిన్నపేగులోకి ఇచ్చారు. ఫలితాలు 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఇన్ఫెక్షన్లు పొడి తీసుకున్నవాళ్లలో 30 శాతం, మందు లేని ఉత్తి పొడి ఇచ్చినవాళ్లలో 28 శాతం. అంటే ఏమీ తగ్గలేదు. చనిపోయినవాళ్లు మాత్రం 16 శాతం, అటువైపు 6 శాతమే. ప్రోబయాటిక్ ఇచ్చిన 9 మందికి పేగులకు రక్తం అందక పేగు దెబ్బతింది, వాళ్లలో 8 మంది పోయారు. రెండో గుంపులో ఒక్కరికీ అలా జరగలేదు. అందుకే ఎవరెంత అడిగినా ఆ స్థితిలో నేను ఆ పొడి రాయను.

ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను ఎక్కించే చికిత్స గురించీ అడుగుతున్నారు. సి.డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల మళ్లీ మళ్లీ తిరగబెట్టే విరేచనాలకు అది బాగా పనిచేస్తుంది. ప్యాంక్రియాటైటిస్‌కి ఇంకా పరిశోధనలోనే ఉంది.

అపోహ: ముక్కులో గొట్టం వేశారంటే ఇక ఆశ లేనట్టే. సెలైన్ మీద ఉంచితే క్లోమానికి రెస్ట్.

వాస్తవం: ఈ భయంతో గొట్టం వద్దని సంతకం పెట్టేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. పేగులోని బ్యాక్టీరియాను కాపాడటానికి ఇప్పుడు మా చేతిలో ఉన్న మంచి మార్గం ఆ గొట్టమే. దాని ద్వారా తిండి అందితే పేగు గోడ నిలబడుతుంది. పూర్తిగా రక్తనాళం ద్వారానే ఆహారం ఎక్కించినవాళ్లకంటే, పేగులోకి ఇచ్చినవాళ్లలో ఇన్ఫెక్షన్లు తక్కువ. జబ్బు తేలికగా ఉండి, వాంతులు లేక ఆకలి వేస్తే నేరుగా నోటితోనే పెట్టేస్తాం. ఇన్ఫెక్షన్ లేకుండా ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇమ్మని కూడా ఒత్తిడి చేయకండి. అది మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది.

అపోహ: గుంటూరు కారం తినే వచ్చింది.

వాస్తవం: కారం వల్ల రాదు. ఎక్కువగా పిత్తాశయంలో రాళ్లు, మద్యం, కొందరిలో వెయ్యి దాటిన ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) కారణం.

మజ్జిగ తెచ్చే అమ్మలకు ఒక మాట. ఐసీయూలో ఉన్నప్పుడు వద్దమ్మా. నోటితో తినడం మొదలయ్యాక మేమే కబురు చేస్తాం. అప్పుడు వెన్న తీసిన పల్చటి మజ్జిగ, మెత్తగా ఉడికిన అన్నంలో కలిపి తీసుకురండి.