చర్మ క్యాన్సర్‌కు కోల్డ్ ప్లాస్మా: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్లాస్మా అంటే రక్తంలో ఉండేదే కదా!

పేరొక్కటే కలిసింది. రోగి సొంత రక్తం నుంచి తీసిన ప్లాస్మాతో ఇచ్చే పీఆర్పీ ఇంజెక్షన్లతో దీనికి సంబంధం లేదు. కోల్డ్ ప్లాస్మా అంటే అయనీకరణ చెందిన, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు కలిసిన వాయువు. ఆర్గాన్‌ను సన్నని గొట్టంలోంచి పంపుతూ కొన్ని వేల వోల్టుల హై ఫ్రీక్వెన్సీ విద్యుత్తుతో ఉత్తేజపరిస్తే నాజిల్ చివర చిన్న వెలుగు మొన కనిపిస్తుంది. అందులో ఎలక్ట్రాన్లు మాత్రమే విపరీతంగా వేడెక్కుతాయి. బరువైన అణువులు, అయాన్లు దాదాపు గది ఉష్ణోగ్రతలోనే ఉంటాయి. అందుకే సరిగ్గా వాడితే చర్మాన్ని తాకేచోట వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటదు.

అపోహ: అనుమానంగా ఉన్న పుట్టుమచ్చను ప్లాస్మా పెన్‌తో తీసేయించుకుంటే చాలు.

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. సౌందర్య చికిత్సల్లో వాడే ఆ పెన్ను కోల్డ్ ప్లాస్మా పరికరం కాదు. అది విద్యుత్ నిప్పురవ్వతో చర్మాన్ని కాలుస్తుంది. ఆ మచ్చ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అయితే, అది ఎంత మందాన ఉందో మైక్రోస్కోప్ కింద కొలవాలి. మందం 1 మిల్లీమీటరు లోపు ఉంటే చుట్టూ 1 సెంటీమీటరు ఆరోగ్యకరమైన చర్మాన్ని కూడా తీస్తారు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు. కాల్చేశాక ఆ కొలత ఇక దొరకదు. పైన మచ్చ పోతుంది, అడుగున కణాలు మిగిలిపోతాయి. ముందు బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం), ఆ తర్వాతే ఏదైనా.

అపోహ: ప్లాస్మా క్యాన్సర్ కణాలను మాత్రమే చంపుతుంది.

పనిచేసేది ప్రధానంగా ప్లాస్మాలో, తడి కణజాలంలో పుట్టే చురుకైన ఆక్సిజన్, నైట్రోజన్ పదార్థాలు: హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రైట్, పెరాక్సీనైట్రైట్ వంటివి. క్యాన్సర్ కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి ముందే ఎక్కువ కాబట్టి చాలా ప్రయోగాల్లో అవి ముందుగా కూలిపోతాయి. డోసు పెంచితే మంచి కణాలూ చస్తాయి. ల్యాబ్ ఫలితాలు చదివేటప్పుడు ఒకటి చూసుకోండి: కణాలను పెంచిన ద్రవంలో పైరువేట్ అనే పదార్థం ఉంటే అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మింగేస్తుంది. రెండు రకాల కణాలను రెండు వేర్వేరు ద్రవాల్లో పెంచి పోలిస్తే, తేడా కణాలదో ద్రవానిదో తేలదు.

అపోహ: ఇక కోత అక్కర్లేదు.

అసలు చిక్కు లోతు దగ్గరే ఉంది. చర్మం పై పొర చాలాచోట్ల సుమారు 0.1 మిల్లీమీటరు. గడ్డలా పెరిగే బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కొన్ని మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది. హైడ్రాక్సిల్ రాడికల్ వంటివి తడి తగిలిన తొలి పొరలోనే అయిపోతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇంకాస్త లోతుకు వెళ్లినా పలచబడుతుంది. రక్తం ఉంటే అందులోని కెటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. పెచ్చు, గట్టి కెరటిన్ పొర అడ్డుంటే అంత కూడా చేరదు. పైగా ప్లాస్మా బ్యాక్టీరియాను బాగా చంపుతుంది కాబట్టి పుండు పైన శుభ్రపడి మూసుకోవచ్చు, కింద కణితి పెరుగుతూనే ఉండొచ్చు.

అందుకే మా దృష్టిలో క్యాన్సర్‌కు ముందు దశ అయిన, పైపైనే ఉండే యాక్టినిక్ కెరటోసిస్ (ఎండ వల్ల వచ్చే గరుకు మచ్చలు) దీనికి తగిన లక్ష్యం. అక్కడ కూడా ఆధారాలు చిన్న అధ్యయనాలవే. ఇప్పటికే వాడుకలో ఉన్న క్రయోథెరపీ (అతి చల్లదనంతో గడ్డకట్టించడం), 5-ఫ్లోరోయురాసిల్, ఇమిక్విమోడ్ క్రీములు, ఫోటోడైనమిక్ థెరపీ (మందు రాసి కాంతి పడేలా చేయడం) వంటి వాటికి ఉన్నంత బలం ఇంకా లేదు.

అపోహ: ఎక్కువసేపు పెడితే ఎక్కువ ఫలితం.

నిమిషాలు డోసు కావు. పుండ్లకు వాడే ఆర్గాన్ జెట్‌లో సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 30 నుంచి 60 సెకన్లు, సుమారు 1 సెంటీమీటరు దూరం నుంచి ఇస్తారు. క్యాన్సర్‌కు ఇలా అందరూ ఒప్పుకున్న డోసు లేదు. దూరం కొద్దిగా మారినా చర్మానికి చేరే రసాయనాలు మారిపోతాయి. ప్లాస్టిక్ గొట్టంలో చేరిన తేమ కూడా ఉదయం తొలి చికిత్సకూ మధ్యాహ్నం చికిత్సకూ తేడా తెస్తుంది. కాబట్టి ముందు గ్యాస్‌ను కాసేపు వదిలి గొట్టం ఆరనివ్వాలి, దూరం మారకుండా ఉంచే స్పేసర్ బిగించాలి, పెచ్చు తీసి తడిని అద్ది తీసేయాలి, మొనను ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. గ్యాస్ వేగం, దూరం, సమయం మూడూ రాసిపెట్టాలి.

అపోహ: పరికరానికి అనుమతి ఉందంటే క్యాన్సర్‌కూ ఉన్నట్టే.

ఐరోపాలో 2013లో సీఈ గుర్తు (అక్కడ అమ్మడానికి కావాల్సిన ప్రమాణ గుర్తు) పొందిన కిన్‌పెన్ మెడ్ అనే ఆర్గాన్ జెట్ పరికరానికి ఆ గుర్తు దీర్ఘకాలిక పుండ్లకు, సూక్ష్మజీవుల వల్ల వచ్చే చర్మ వ్యాధులకు. అమెరికాలో 2019లో అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించినది ఒక క్లినికల్ ట్రయల్. అదీ కణితిని శస్త్రచికిత్సతో తీశాక మిగిలిన అంచులపై ప్లాస్మా ఇచ్చే ట్రయల్. ప్లాస్మా కోతకు తోడుగానే వచ్చింది, బదులుగా కాదు.

అపోహ: దుష్ప్రభావాలే ఉండవు.

ఎరుపు, మంట, చురుకుమనడం మామూలే. ఓజోన్ పుడుతుంది. పనిచేసేచోట దాని 8 గంటల సగటు 0.1 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 0.1 భాగం) దాటకూడదు, కాబట్టి గాలి లాగే ఏర్పాటు ఉండాలి. పేస్‌మేకర్ ఉన్నవారు ముందే చెప్పాలి.

చికిత్స తీసుకున్న చోట మళ్లీ ముత్యంలా మెరిసే అంచు, రక్తస్రావం, గట్టిదనం కనిపిస్తే మరో విడత ప్లాస్మా ఇవ్వకూడదు. ఆ చోటి నుంచే లోతుగా బయాప్సీ తీసి పంపాలి.