"చిన్న సీసాల చిన్న మందే కదా సార్": పిల్లల డోసు మీద అపోహలు, వాస్తవాలు

నల్గొండల మెడికల్ షాపు నాది, ఫార్మసిస్టును. వానలు పడుడు మొదలైతే చాలు పొద్దుగాల షట్టర్ లేపంగనే ఇదే ముచ్చట. "పోరనికి జరం సార్, ఎన్ని ఎంఎల్ పొయ్యాలె?" ఏ సిరప్ అంటే "గదే సార్, జరం సిరప్." బరువెంత అంటే "రెండేండ్లు." బరువు అడిగితే వయసు చెప్తరు, ఎంజీ (లోపల అసలు మందు ఎంత) అడిగితే ఎంఎల్ (సీసాల నుంచి పోసేది ఎంత) చెప్తరు, వాళ్ల తప్పు కూడా కాదు, ఎవ్వలూ కూసోబెట్టి చెప్పలేదు. కోపం వచ్చేదల్లా వాట్సాప్‌ల తిరిగే ఆ చార్ట్ మీద. "1 ఏడు – 5 ఎంఎల్, 3 ఏండ్లు – 7.5 ఎంఎల్" అని రంగు రంగులుగా చేసి పెట్టిండ్రు, కింద చేతులు జోడించిన బొమ్మ, ఏ సిరప్, ఎంత స్ట్రెంత్ (ఎన్ని ఎంఎల్‌కి ఎన్ని ఎంజీ) అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఎవరు చేసిండ్రో గానీ దండం పెడ్త, దాన్ని ఇగ పంపకుండ్రి.

అపోహ: డ్రాప్స్ పసిపిల్లల మందు కాబట్టి పల్చగ ఉంటది. సిరప్ లేకపోతే డ్రాప్సే జర ఎక్కువ పోస్తే సరిపోతది.

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటి ఒక ఎత్తు. ముచ్చట పూర్తిగ ఉల్టా ఉన్నది. మన దగ్గర దొరికే జరం మందు పారాసిటమాల్ డ్రాప్స్‌ల 1 ఎంఎల్‌కి 100 ఎంజీ మందు ఉంటది. మామూలు సిరప్‌ల 5 ఎంఎల్‌కి 120 లేకపోతే 125 ఎంజీ, అంటే ఎంఎల్‌కి ఇంచుమించు 25. అదే 250 అనో డీఎస్ (డబుల్ స్ట్రెంత్) అనో రాసిన సిరప్ అయితే ఎంఎల్‌కి 50 దాకా పోతది. అంటే డ్రాప్స్ మామూలు సిరప్ కంటే నాలుగింతలు ఘాటు. పసిపిల్ల ఎక్కువ మింగలేదు, సగం ఉమ్మేస్తది, అందుకే కొద్దిపాటి మందుల ఎక్కువ ఎంజీ పట్టేటట్టు చేస్తరు.

నల్గొండోళ్లకు ఇది తొందరగనే అర్థం కావాలె. బిందె ఒక్కటే, నీళ్లూ సూస్తే ఒక్కతీరే తెల్లగ ఉంటయి, కానీ ఒక బోరుల లీటరుకు 1 ఎంజీ ఫ్లోరైడ్ ఉంటే పక్క బోరుల 4 ఉంటది, ఎన్ని బిందెలు తాగినవ్ అన్న లెక్క ఒక్కటే పట్టుకుంటే ఏం తెల్వదు. మందు కూడా అంతే.

లెక్క జూడుండ్రి. పారాసిటమాల్ పిల్లలకు కిలోకు 10 నుంచి 15 ఎంజీ, ఒక్కసారికి. 10 కిలోల పిల్లకు ఎక్కువల ఎక్కువ 150 ఎంజీ. అది డ్రాప్స్‌ల అయితే 1.5 ఎంఎల్, 125 సిరప్‌ల అయితే 6 ఎంఎల్, 250 సిరప్‌ల అయితే 3 ఎంఎల్. పిల్ల ఒక్కతే, డోసు ఒక్కటే, సీసా మారంగనే ఎంఎల్ మారింది. అందుకే "మా వదినె బిడ్డకు 5 ఎంఎల్ పోస్తరు" అన్న మాట నా దగ్గర చెల్లదు. ఏ సీసాల 5 ఎంఎల్?

దేవరకొండ దిక్కు తండా నుంచి ఒక జంట వచ్చిండ్రు ఒకసారి. ఏడు నెలల బిడ్డ, ఆరున్నర కిలోలు. అక్క బిడ్డకు 5 ఎంఎల్ సిరప్ పోస్తుంటే సూసిండ్రు, ఇంట్ల డ్రాప్స్ సీసా ఉన్నది, వేరే సిరప్ మూత తీసుకొని దాంట్ల 5 గీత దాకా డ్రాప్స్ పోసి తాపిచ్చిండ్రు. పొద్దుగాల ఒకసారి, పగటీలి ఒకసారి. నా దగ్గరికి వచ్చింది ఎందుకంటే సీసా అయిపోవస్తున్నది, ఇంకోటి కావాలె! 15 ఎంఎల్ సీసా ఒక్కపూటల అయిపోవస్తున్నది అంటే నాకు అనుమానం వచ్చి అడిగిన. ఒక్కో మూతకు 500 ఎంజీ, అంటే పెద్దమనిషి మింగే గోలి ఒకటి. బిడ్డ బరువుకు ఒక్కసారికి 100 ఎంజీ కూడా దాటొద్దు. నేను చెప్తుంటే ఆ తండ్రి నోట వచ్చిన మాట "చిన్న సీసాల చిన్న మందే కదా సార్". ఏం తిడ్తవ్ చెప్పు ఆయనను. సీసా చిన్నగ ఉంది, బొమ్మ పసిపిల్లది ఉంది, ఎవలైనా గట్లనే అనుకుంటరు. సీసా చేతిల పెట్టి, తాపిచ్చిన టైములు చీటీ మీద రాసిచ్చి సీదా పెద్ద దవాఖానకు పంపిన. రక్తం తీసిండ్రు, విరుగుడు మందు పెట్టిండ్రు, బిడ్డ మంచిగనే ఇంటికి వచ్చింది.

ఇక్కడ ఒకటి గట్టిగ చెప్పాలె. పారాసిటమాల్ ఎక్కువైతే దెబ్బ లివర్ మీద పడ్తది, అయితే మొదటి రోజు పిల్ల ఆడుకుంటనే ఉంటది, మహా అయితే ఒకటి రెండు వాంతులు. "మంచిగనే ఉన్నది కదా, రేపు సూద్దాం" అంటే ఆడనే మోసపోతం. దీనికి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అంటరు, మొదటి 8 గంటల్లోపు మొదలుపెడ్తే మంచిగ పనిచేస్తది. డోసు ఎక్కువ పోయిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాపి కక్కిచ్చుడు పెట్టుకోకుండ్రి, సీసా పట్టుకొని బండెక్కుండ్రి.

దీనికి ఉల్టా కూడా అయితది. డ్రాప్స్‌ల 1 ఎంఎల్ అని డాక్టర్ రాస్తే, సిరప్ కొని అదే 1 ఎంఎల్ పోస్తరు. పోయింది 25 ఎంజీ. జరం దిగదు. మరునాడు వచ్చి "డూప్లికేట్ మందు ఇచ్చినవ్ అన్నా" అని నా మీద పంచాయితీ.

అపోహ: వయసు చెప్తే చాలు, డోసు చెప్పొచ్చు.

ఒకే అంగన్‌వాడీల రెండేండ్ల పిల్లలు ఇద్దరిని నిలబెట్టుండ్రి, ఒకడు ఎనిమిదిన్నర కిలోలు, ఇంకోడు పద్నాలుగు. ఒకనికి 125 ఎంజీ, ఇంకోనికి 210. వయసును రెండుతో గుణించి 8 కలిపితే బరువు వస్తది అని పుస్తకాల ఒక సూత్రం ఉంది, ఒకటి నుంచి ఆరేండ్ల పిల్లలకు. అది కాంటా దొరకని ఎమర్జెన్సీల అందాజ చెప్పేటందుకే, మన తండాల బక్కపిల్లలకు దాంతోని లెక్కగడ్తే చానసార్లు డోసు ఎక్కువైతది.

తూచుడు పెద్ద పనేం గాదు. తల్లి బిడ్డను ఎత్తుకొని కాంటా ఎక్కాలె, తర్వాత ఒక్కతే ఎక్కాలె, తీసేస్తే బిడ్డ బరువు. నా షాపుల కాంటా ఉంది, పైసలు తీసుకోను. అంగన్‌వాడీ టీచర్ దగ్గర పుస్తకంల రాసి ఉంటది, ఆశ అక్కను అడిగినా చెప్తది. (మిర్యాలగూడ నుంచి ఒకాయన రైస్ మిల్లు కాంటా మీద తూచుకొచ్చిన అన్నడు, బస్తాలు తూచే కాంటనట, లారీలు ఎక్కే వేబ్రిడ్జి కానందుకు సంతోషం.) కానీ బరువు తాజాది కావాలె. పుట్టిన బరువు ఐదు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అయితది, మరి ఐదో నెల చీటీ పట్టుకొచ్చి ఏడాది పిల్లకు అదే ఇయ్యిమంటే ఎట్ల?

పెద్ద పిల్లలది వేరే ముచ్చట. 80 కిలోల ఇంటర్ పోరడికి 15తో గుణిస్తే 1200 వస్తది, అట్ల ఇయ్యరు, పెద్దోళ్ల హద్దు 1000 ఎంజీ దాటొద్దు. ఇంట్ల 38 కిలోల ముసలవ్వకు మాత్రం అదే 1000 ఎక్కువే, 500 చాలు.

అపోహ: పారాసిటమాల్ 650 ఎంజీ గోలి సగం ఇరగ్గొట్టి ఇస్తే పిల్లల డోసే.

సగం అంటే 325. 12 కిలోల పిల్లకు హద్దు 180. ఇగ మీరే సూసుకోండ్రి.

అపోహ: చెంచాతోని పోస్తే ఏమైతది?

ఒక ఇంట్ల చెంచాకు 3 ఎంఎల్ పడ్తది, ఇంకో ఇంట్ల 7 పడ్తది. సీసాతోని వచ్చిన మూతనో, సూది లేని సిరంజీనో వాడుండ్రి. ఒక సీసా మూత ఇంకో సీసాకు పెట్టొద్దు, పైన చెప్పిన తండా ముచ్చట యాది పెట్టుకోండ్రి.

యాంటీబయాటిక్ పొడి సీసాలది ఇంకో తిప్పలు. సీసా మీద బాణం గుర్తు ఉంటది, కాచి చల్లార్చిన నీళ్లు ముందు సగం పోసి బాగ ఊపి, నురగ దిగినంక మిగతావి పోసి సరిగ్గ గుర్తు దగ్గరికి తేవాలె. మనోళ్లు ఒక్కసారి పోస్తరు, నురగ చూసి గుర్తు దాక వచ్చింది అనుకుంటరు, నురగ దిగితే నీళ్లు తక్కువున్నయి, మందు చిక్కగైంది. లేకపోతే మెడ దాకా పోసేస్తరు, పల్చగైంది. లెక్క మొత్తం ఆడనే చెడిపోతది. ఇంకోటి, కిలోకు ఇన్ని ఎంజీ అని ఫోన్ల సూసేటోళ్లు అది ఒక్కసారికా, రోజు మొత్తానికా సూడరు. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 40 ఎంజీ అంటే రోజు మొత్తానికి, దాన్ని పంచి ఇయ్యాలె. ఒక్కోసారికి 40 ఇస్తే రెండింతలు మూడింతలు అయితది.

మిగతావి గబగబ చెప్తా. గంటల జరం దిగలేదని ఇంకో మూత పొయ్యొద్దు, మధ్యల తక్కువల తక్కువ నాలుగు గంటలు, ఆరు గంటలైతే ఇంకా మంచిది, రోజుకు నాలుగు సార్లు దాటొద్దు. జలుబు సిరప్‌ల కూడా చాన వాటిల్ల పారాసిటమాల్ ఉంటది, రెండూ కలిపి పోస్తే డబుల్ డోసు. ఆ జలుబు సిరప్‌ల ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ జోడీని 4 ఏండ్లలోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబర్‌లనే చెప్పిండ్రు. నిమెసులైడ్ అనే జరం, నొప్పుల మందు 12 ఏండ్లలోపు పిల్లలకు 2011లనే నిషేధం అయింది, ఇంకా పాత చీటీలు తెస్తనే ఉన్నరు. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్ అనే ఇంకో జరం మందు జోలికి పోవద్దు. మూడు నెలల్లోపు బిడ్డకు జరం వస్తే సిరప్ అడగకుండ్రి, సీదా దవాఖానకే.

అపోహ: పిల్లకు ఏ మందైనా పెద్దోళ్ల దాంట్ల సగమే.

కాదు. అట్లనే అన్ని మందులకూ బరువు లెక్క కూడా ఉండదు. విరేచనాలకు జింక్ ఆరు నెలలు దాటిన పిల్లకు బరువెంతున్నా రోజుకు 20 ఎంజీ, 14 రోజులు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటర్ నీళ్లల కలపాలె, గ్లాసుకు చిటికెడు లెక్క కాదు.

పాము కాటుది అయితే ఇంకా గట్టిగ చెప్పాలె. పత్తి చేన్ల అవ్వతోని పోయిన పిల్లను పాము కరిస్తే, దవాఖానల పెద్దోళ్లకు పెట్టినన్ని సీసాల మందే పిల్లకూ పెడ్తరు. సుట్టాలు లొల్లి పెట్టుకుంటరు, "పసిదానికి గన్ని ఎక్కిస్తరా, సంపుతరా" అని. పాము పిల్లను సూసి విషం తక్కువ ఎక్కియ్యదు కదా, మందు కొట్టాల్సింది ఆ విషాన్ని. డాక్టర్ చేతికి అడ్డం పడొద్దు.

పెద్దోళ్లకు బరువు లెక్క లేదనుకునేటోళ్లు టీబీ గోలీలు సూడుండ్రి. 35 నుంచి 49 కిలోల మనిషికి రోజుకు మూడు, 50 నుంచి 64 అయితే నాలుగు. పక్కింటాయన నాలుగు మింగుతుండు, నాకు మూడే ఇచ్చిండ్రు, సర్కారోళ్లు నా గోలి మింగేసిండ్రు అని ఒకాయన నా దగ్గర మొత్తుకున్నడు. కాంటా ఎక్కిస్తే 44. మందు పనిచేసి బరువు పెరిగి 50 దాటినంక ఆయనకూ నాలుగు చేసిండ్రు, అప్పుడు "నాలుగు ఎందుకు, మూడుతోనే మంచిగైతుంది కదా" అన్నడు.

రాత్రిపూట ఫోన్ చేసి అడిగేటోళ్లు ఇబ్బంది పడకుండ్రి, చెయ్యుండ్రి. బిడ్డ బరువు, సీసా మీద రాసిన స్ట్రెంత్, ఆఖరుసారి ఎన్ని గంటలకు పోసిండ్రు, ఈ మూడు చెప్పాలె. ఫోటో పంపితే ముందు పక్క పసిపిల్ల బొమ్మది కాదు, వెనుక సన్న అక్షరాల "ప్రతి 5 ఎంఎల్‌కి" అనో "ప్రతి ఎంఎల్‌కి" అనో ఉన్న పక్కది పంపుండ్రి. లైటు సరిగ్గ పడేటట్టు తియ్యుండ్రి, సగం ఫోటోలల్ల ఆ అంకె మీదనే బొటనవేలు ఉంటది.