బడి బోర్డు మీద మన ఊరి వార్త

ప్రియమైన పిల్లలకు,

పొద్దున ప్రార్థనలో మీరు చదివే వార్తలు బాగానే ఉంటాయి. కానీ ఢిల్లీ సంగతులు, క్రికెట్ స్కోర్లు పేపర్లో అందరూ చూసినవే. రాత్రి మీ ఊళ్ళో ఎంత వాన పడిందో, రేవులో నీరెంత పెరిగిందో ఏ పేపరూ వెయ్యదు. అది బడి బోర్డు మీద మీరే రాయాలి. అలాగని "నిన్న మన ఊళ్ళో భారీ వర్షం" అని రాసేస్తే చాలదు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే గానీ అది భారీ వర్షం కాదు. కొలవకుండా ఆ మాట వాడకండి.

కొలవడానికి కొనాల్సిందేమీ లేదు. నడుము దగ్గర నొక్కు లేని రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. మెడ కింద వంపు అయిపోయిన చోట కోసి, మూత తీసేసిన ఆ పైముక్కను తలకిందులుగా సీసాలోకే దించండి. అది గరాటులా పనిచేస్తుంది, నీరు ఆవిరైపోవడమూ తగ్గుతుంది. సీసా అడుగు గుంటలుగా ఉంటుంది, లెక్క తప్పేది అక్కడే. గోడలు నిటారుగా మొదలయ్యేదాకా సిమెంటు కలిపి పోసి సమం చెయ్యండి. గట్టిపడ్డాక, సిమెంటు మట్టానికి స్కేలు సున్నా సరిగ్గా వచ్చేలా బయట అంటించండి. స్కేళ్ళకు సున్నా ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. గరాటు నోరూ సీసా వెడల్పూ ఒకటే కాబట్టి స్కేలు మీద ఒక మిల్లీమీటరంటే వానా ఒక మిల్లీమీటరే. ఎక్కువ నీళ్ళు పడతాయని పెద్ద గరాటు పెడితే ఈ లెక్క చెడుతుంది.

ఎక్కడ పెట్టాలన్నదే మన వైపు చిక్కు. చెట్టు ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో ఉండాలంటారు. చుట్టూ కొబ్బరిచెట్లు లేని బడి కోనసీమలో ఎక్కడ దొరుకుతుంది! ఉన్నంతలో తెరిపిగా, చూరునీళ్ళు పడని చోట, చుట్టూ ఇటుకలు పేర్చి గాలికి పడిపోకుండా నిలబెట్టండి. నోరు నేలకు అడుగు ఎత్తున ఉంటే చాలు. ఆ తర్వాత చోటు మార్చొద్దు.

రోజూ ఉదయం 8.30కే చూడాలి. బడి పక్కనే ఇల్లున్నవాళ్ళకు ఈ పని అప్పగించండి. నించుని పైనుంచి చూస్తే తప్పు అంకె వస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను నీటిమట్టానికి తెచ్చి చూస్తే నీటి పైభాగం మధ్యలో కొంచెం కిందికి వంగి ఉంటుంది, ఆ వంపు అడుగున ఉన్న గీత చదవాలి. చదివాక నీళ్ళు పారబొయ్యాలి. ఆదివారం చూడడం కుదరకపోతే సోమవారం అంకె పక్కన "రెండు రోజులది" అని రాయండి. తుపానుకి సీసా నిండిపోవచ్చు, మధ్యలోనే చదివి పారబోసి ఆఖర్న కలుపుకోండి. పది మిల్లీమీటర్ల వానంటే ఎకరానికి సుమారు నలభై వేల లీటర్లు. ఊడ్పులప్పుడు మీ నాన్నలు ఈ లెక్క కోసమే బోర్డు చూస్తారు.

ఇక గోదారి. ఎర్రనీరు దిగిందంటే ఊరంతా అంకెలే. ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే: భద్రాచలం అడుగులనీ ధవళేశ్వరం అడుగులనీ కలిపేయడం. మొదటి వరద హెచ్చరిక భద్రాచలంలో 43 అడుగులకు, ధవళేశ్వరంలో 11.75 అడుగులకు ఇస్తారు. ధవళేశ్వరంలో రెండోది 13.75కి, మూడోది 17.75కి. ఏ కొలబద్ద సున్నా దానిదే, కాబట్టి 43 పెద్దదని భయపడి 11.75 చిన్నదని ఊరుకోకూడదు. ఊరి పేరు, సమయం లేకుండా అడుగుల అంకె బోర్డెక్కకూడదు. నీరు ఎంత పారుతోందో క్యూసెక్కుల్లో చెబుతారు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది.

వీటి పక్కన మీ రేవు లెక్క కూడా రాయండి: "ఉదయం 8 గంటలకు ఆరో మెట్టు మునిగింది, నిన్న ఇదే వేళకు నాలుగోది." గోదారి మధ్య లంకల్లో ఉండేవాళ్ళకు అన్నిటికన్నా పనికొచ్చే వార్త ఇదే. కాజ్‌వే మీదికి నీళ్ళొస్తే ఎంత లోతో పెద్దవాళ్ళనడిగి రాయండి. మీరు దిగి చూడొద్దు. (పులస ధర రాయమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.)

హాజరు కూడా వార్తే. మధ్యాహ్న భోజనానికి ఒకటి నుంచి ఐదు తరగతులకు మనిషికి 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిదికి 150. నలభై రెండు మంది చిన్నపిల్లలొస్తే 4 కిలోల 200 గ్రాములు. బియ్యం కడగకముందే వంట చేసేవాళ్ళకు ఈ అంకె అందాలి. రిజిస్టర్లో ఉన్న పేర్లు కాదు, వచ్చినవాళ్ళను లెక్కపెట్టాలి. పడవ ఆలస్యమైతే దాంట్లో రావాల్సినవాళ్ళ సంఖ్య విడిగా చెప్పాలి.

"గట్టు తెగిందంట" అని ఫోన్లో వస్తే బోర్డు మీద రాయకండి. వెంటనే మాస్టారికి చెప్పండి, చూసొచ్చినవాళ్ళెవరో, ఎప్పుడు చూశారో తేలాక రాద్దురు గాని. ఎవరింట్లో గొడవలు, ఎవరికి ఏ జబ్బు వంటివి అసలే వద్దు.

వానాకాలం బోర్డు చెమ్మగిల్లి సుద్దముక్క పట్టదు, పొడిగుడ్డతో తుడిచి రాయండి. అక్షరం రెండంగుళాలు ఉండాలి. నల్లబోర్డు మీద ఎర్ర సుద్ద వెనకవాళ్ళకు ఆనదు. సాయంత్రం చెరిపేముందు ఒకరు లాంగ్ నోట్‌బుక్కులో తేదీ వేసి ఎక్కించాలి. నిన్న రాసింది తప్పని తేలితే ఇవాళ అన్నిటికన్నా పైన, అదే సైజు అక్షరాల్లో సరిదిద్ది రాయండి. నోట్‌బుక్కులో మాత్రం పాత అంకె కొట్టేయకుండా, పక్కన సరైనది వెయ్యండి.

మీ
తాతయ్య