రోగితో మాట్లాడటం నేర్పడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: మాటతీరు పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు.

వాస్తవం: కుట్లు వేయడం ఎలా నేర్పుతామో ఇదీ అంతే. చేయించాలి, చూడాలి, దిద్దాలి. 2019 బ్యాచ్ నుంచి మన ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ (వైఖరి, నైతికత, మాటతీరు నేర్పే పాఠ్యాంశం) ఉంది. దాన్ని హాలునిండా కూర్చోబెట్టి స్లైడ్లతో కానిచ్చేస్తే హాజరు పడుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ముగ్గురేసి జట్లు చేయండి: ఒకరు డాక్టరు, ఒకరు రోగి, మూడోవారి చేతిలో నోట్‌బుక్. ఏడెనిమిది నిమిషాలు చాలు. మూడోవారు "బాగా చేశావ్" అనకూడదు, డాక్టరు మాటల్ని ఉన్నదున్నట్టు రాసి చదవాలి. "నొప్పి చేతికి పాకుతోందా, చెమటలు పట్టాయా, వాంతి అయిందా?" అని గుక్కతిప్పుకోకుండా అడిగిన సంగతి, రోగి చివరి ప్రశ్నకే జవాబిచ్చిన సంగతి అప్పుడుగాని బయటపడవు.

అపోహ: రోగిని చెప్పుకోనిస్తే ఓపీ తెమలదు.

వాస్తవం: అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో డాక్టర్లు సగటున 18 సెకన్లకే అడ్డుతగిలారు. అడ్డుకోకుండా వదిలేస్తే రోగి ఎంతసేపు మాట్లాడతాడో 2002 నాటి ఒక స్విస్ అధ్యయనం చూసింది: సగటున 92 సెకన్లు. మధ్యలో తుంచేస్తే ఆ రోగే చీటీ రాయించుకుని, లేచి, తలుపు దాకా వెళ్లి "ఇంకోటి డాక్టరుగారూ..." అంటాడు. చాలాసార్లు అసలు జబ్బు ఆ ఇంకోటే.

అపోహ: చివర్లో "అర్థమైందా?" అని అడిగితే సరి.

వాస్తవం: దానికి మన దగ్గర ఒకటే జవాబు, "ఆఁ అయిందండీ". బదులుగా ఇలా అడగమనండి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి పెద్దాయనా. ఇంటికెళ్లాక ఈ ఇన్సులిన్ సంగతి పెద్దమ్మకి ఎలా చెబుతారు?" భోజనానికి అరగంట ముందు వేసుకోవాల్సిన రకం అనుకుందాం. ఆయన "పొద్దున్నే సూది వేసుకుని పొలం వెళ్తా, పదింటికి క్యారేజీ వస్తుంది" అన్నాడంటే, గట్టు మీద షుగర్ పడిపోయి కళ్లు తిరగబోయే మనిషిని అక్కడే పట్టుకున్నట్టు. మళ్లీ చెప్పి, మళ్లీ చెప్పించుకోవాలి. ఒక విడతలో రెండు విషయాలకు మించి చెప్పకపోవడం మేలు.

విద్యార్థులు ఎక్కువగా తప్పేది స్వరంలో. "ఏదీ, ఇప్పుడు చెప్పండి చూద్దాం" అంటే వైవా అయిపోతుంది, పెద్దాయన బిగుసుకుపోతాడు. ఓఎస్‌సీఈ (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో నైపుణ్యాన్ని చేయించి చూసే ప్రాక్టికల్ పరీక్ష) స్టేషన్‌లో దీనికి విడిగా మార్కులు పెట్టండి. మార్కుల్లేని పని మెడికోలు చేయరని తెలిసిందేగా!