సాక్షికి రక్షణ: వార్డుల్లో వినిపించే అపోహలు, అసలు సంగతి

ముఠాల కేసుల్లో ప్రాసిక్యూషన్ తరఫున వాదించే నాకు మున్సిపల్ కౌన్సిలర్లతో మాట్లాడినప్పుడల్లా వినిపించే ప్రశ్న ఒకటుంది: "సాక్షి రక్షణంటే పేరూ ఊరూ మార్చుకుని బతకడమే కదండీ, అది మా వార్డువాళ్లకు అయ్యే పనేనా?" బెదిరింపు వచ్చిన మనిషి ముందుగా తలుపు తట్టేది కౌన్సిలర్ ఇంటినే కాబట్టి, అక్కడ ఆయన పెదవి విరిస్తే దరఖాస్తు కూడా పడదు, సాక్షి బోనులో ఎదురు తిరుగుతాడు, కేసు వీగిపోతుంది.

మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకంలో పేరు మార్పు అరుదైన చర్య మాత్రమే. ఇంటికి కెమెరాలు, గట్టి తలుపులు పెట్టించడం, వీధిలో గస్తీ, వాయిదా రోజున ప్రభుత్వ వాహనంలో తీసుకెళ్లి తిరిగి దింపడం, నిందితుడి ఎదుట పడకుండా చూడడం కూడా ఆ పథకంలోనివే. మామూళ్ల ముఠాపై సాక్ష్యం చెప్పవలసిన ఒక దుకాణదారు, ఫోనులో వరుసగా ఉన్న మిస్డ్ కాల్స్ నాకు చూపిస్తూ, "కొట్టు వదిలి ఎక్కడికీ పోలేను సార్, ఆ కోర్టు వరండాలో వాళ్ల మధ్యలోంచి మాత్రం నడవలేను" అన్నాడు. ఆయన కోరిన సాయం అంతవరకే, పథకంలో దానికి చోటుంది.

ఇక రక్షణ స్టేషన్‌వాళ్ల దయ అనుకోవడం కూడా పొరపాటే. నిర్ణయం జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీది. జిల్లా పోలీసు అధిపతి అందులో సభ్యుడు, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి సభ్య కార్యదర్శి. దరఖాస్తు ఆ కార్యదర్శి ద్వారానే వెళ్లాలి. సాక్షి, కుటుంబ సభ్యులు, న్యాయవాది, దర్యాప్తు అధికారి, ఎవరైనా వేయవచ్చు. ముప్పుపై ఏసీపీ లేదా డీఎస్పీ 5 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 5 పనిదినాల్లో కమిటీ తేల్చాలి. ప్రాణాపాయం మీదికి వస్తే ఈలోగానే మధ్యంతర రక్షణ ఇవ్వవచ్చు. కౌన్సిలర్ లెటర్‌హెడ్ దీనికి అక్కర్లేదు, పైగా నలుగురి చేతులు మారిన లేఖతో సాక్షి ఎవరో వార్డంతా తెలిసిపోతుంది.

రక్షణ జీవితాంతం ఉండదు, ఒక ఉత్తర్వు 3 నెలలకు మించదు. ప్రతి చిన్న తగాదాకూ వర్తించదు, ప్రధానంగా ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాలకే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ సొంత పథకం ప్రకటించాలి కనుక, మీ రాష్ట్రంలో అమలులో ఉన్న నమూనా ఫారాన్ని ప్రాసిక్యూషన్ కార్యాలయంలో అడిగి తీసుకోండి. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 232వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్షపడే నేరం. దానిపై ఫిర్యాదు విడిగా ఇవ్వాలి.