వారం సంఖ్యతో తేదీ: అపోహలు, వాస్తవాలు

"పదో వారం, సోమవారం అని ఇస్తే జావా ఏడు రోజుల ముందు తేదీ చూపిస్తోంది, ఇది క్యాలెండర్ క్లాసులో బగ్గే కదండీ?" అని కొత్తగా చేరినవారు కంగారుగా అడుగుతూ ఉంటారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో తేదీలు లెక్కించే సిద్ధ కోడ్ భాగమే ఈ క్యాలెండర్ క్లాసు. ఇది బగ్ కాదు, కంగారు పడవలసిన పనీ లేదు.

అపోహ: సంవత్సరం, వారం సంఖ్య, రోజు పేరు ఇస్తే ఎక్కడైనా ఒకే తేదీ వస్తుంది.

వాస్తవం: వారం ఏ రోజున మొదలవుతుంది, కొత్త సంవత్సరపు రోజులు కనీసం ఎన్ని ఉంటే దాన్ని మొదటి వారంగా లెక్కించాలి అన్న రెండు విషయాలు తేలకుండా వారం సంఖ్యకు అర్థమే లేదు. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 ప్రకారం సోమవారం, నాలుగు రోజులు. అమెరికా లొకేల్‌లో (లొకేల్ అంటే కంప్యూటర్‌లోని దేశం, భాష సెట్టింగు) ఆదివారం, ఒక్క రోజు. పాత క్యాలెండర్ క్లాసు వీటిని మనల్ని అడగకుండా లొకేల్ నుంచే తీసుకుంటుంది.

ఈ పాఠం నాకు ఖరీదుగానే వచ్చింది. ఒక జర్మనీ క్లయింటు సోమవారపు డెలివరీలను వారం సంఖ్యలతో పంపేవారు. మా సర్వర్ అమెరికా లొకేల్‌లో నడిచేది. 2020లో రెండు పద్ధతుల్లోనూ మొదటి వారపు సోమవారం 2019 డిసెంబరు 30నే పడింది కాబట్టి పరీక్షలన్నీ నెగ్గాయి. 2021 జనవరి 1 శుక్రవారం. అమెరికా లెక్కలో ఆ వారమే మొదటిది; ఐఎస్ఓ లెక్కలో అది 2020కి చెందిన 53వ వారం, మొదటి వారం జనవరి 4న గానీ మొదలు కాదు. ఫలితంగా పదో వారం సోమవారం మార్చి 8 కావలసింది, మా షెడ్యూల్‌లో మార్చి 1గా పడింది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు, మారింది సంవత్సరం మాత్రమే.

పాత క్లాసునే వాడక తప్పనప్పుడు వారపు మొదటి రోజును సోమవారంగా, కనీస రోజులను నాలుగుగా మీరే సెట్ చేయండి. జావా 8 తర్వాతి తేదీ క్లాసులతో ఐఎస్ఓ వారాన్ని సెట్ చేసేటప్పుడు జనవరి 1 నుంచి మొదలుపెట్టకండి: 2021 జనవరి 1 మీద పదో వారాన్ని సెట్ చేస్తే, ఆ రోజు 2020 వారాల లెక్కలోనిది కాబట్టి, 2020 మార్చి 6 వస్తుంది. జనవరి 4 ఎప్పుడూ మొదటి వారంలోనే ఉంటుంది. అక్కడి నుంచి వారాన్ని, ఆపైన రోజును సెట్ చేయండి. మరో ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో 3.8 నుంచి దీనికి ఫ్రమ్‌ఐసోక్యాలెండర్ అనే ఫంక్షన్ ఉంది.

ఏడాదికి 52 వారాలే అన్నదీ అపోహే, ఐఎస్ఓ లెక్కలో 2026కు 53 ఉన్నాయి. జావాలో తేదీని ముద్రించే ఫార్మాట్‌లో పెద్ద వై (Y, వారాల లెక్క ప్రకారం సంవత్సరం), చిన్న వై (y, మామూలు సంవత్సరం) ఒకటే అనుకునేవారు 2024 డిసెంబరు 31ని ఒకసారి పెద్ద వైతో ముద్రించి చూడండి, సంవత్సరం 2025 అని వస్తుంది.