గద్ద బలమంతా కాలిలోనే

గద్ద వేటను ముక్కుతో పొడిచి చంపుతుందా అని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు కోసం నేను ఎప్పుడూ చూపించే బొమ్మ ఒకటుంది: ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉన్న ‘ప్రొమీథియస్ బౌండ్’. ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ 1611 ప్రాంతంలో మొదలుపెట్టి 1618 నాటికి పూర్తిచేసిన బరోక్ చిత్రం, అంటే ఆ కాలపు యూరప్‌లో నడిచిన నాటకీయ శైలిలోది. అందులో గద్దను వేసింది మాత్రం జంతువుల బొమ్మల్లో ఆరితేరిన ఫ్రాన్స్ స్నైడర్స్. ఈ సంగతి రూబెన్సే 1618లో ఒక ఉత్తరంలో రాశాడు.

గ్రీకు పురాణంలో దేవతల నిప్పు దొంగిలించి మనుషులకిచ్చిన ప్రొమీథియస్‌ను శిక్షగా బండకు కట్టేయడం, అతని కాలేయాన్ని గద్ద రోజూ తినడం, అది మళ్లీ పెరగడం అందరికీ తెలిసిన కథే. కాలేయం నిజంగానే పెరుగుతుంది, కానీ తెల్లారేసరికి కాదు, వారాలు నెలలు పడుతుంది. నా కళ్లు మాత్రం గద్ద కాళ్ల మీదే ఆగిపోతాయి. ఒక కాలు అతని ముఖాన్ని కంటి పక్కనే అదిమి పట్టింది, రెండోది గజ్జల్లో దిగింది. ముక్కు తాపీగా పొట్ట చీలుస్తోంది. పట్టుకోవడం కాలి వంతు, చీల్చడం ముక్కు వంతు. స్నైడర్స్ ఎంత సరిగ్గా చూశాడో!

గద్ద వేళ్లలో కండ దాదాపు ఉండదు. వేళ్లను ముడిచే కండరాలు కాలి పైభాగంలో, ఈకల చాటున ఉంటాయి. అక్కడినుంచి పొడవాటి స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మడమ వెనకగా దిగి గోళ్ల దాకా వెళ్తాయి. అసలు కిటుకు వేలి లోపల ఉంది. స్నాయువు అడుగున మృదులాస్థితో చేసిన గరుకు బొడిపెలుంటాయి. దాని చుట్టూ ఉన్న తొడుగులో, వాటికి ఎదురుగా, ఏటవాలు మడతలుంటాయి. వేట గింజుకున్నకొద్దీ వేలి మీద ఒత్తిడి పెరిగి బొడిపెలు మడతల్లో ఇరుక్కుంటాయి. వైర్లు కట్టే ప్లాస్టిక్ కేబుల్ టై ఇలాగే పనిచేస్తుంది: పళ్లు ఒకసారి పడ్డాక బిగించి ఉంచడానికి చేతి బలం అక్కర్లేదు. గద్దకూ అంతే, కండరం పెద్దగా అలసిపోకుండానే పట్టు నిలుస్తుంది. బరువు తగ్గి, వేలు చాపితేనే పళ్లు విడతాయి. గబ్బిలం నిద్రలో కూడా జారిపడకుండా వేలాడేది ఇలాంటి ఏర్పాటు వల్లే.

మన స్కూళ్లలో పక్షుల ముక్కులు, కాళ్లు ఒక పట్టికగా బట్టీ పట్టిస్తారు. ఈ బొమ్మ ఒక్కటి గోడకు తగిలిస్తే పిల్లలే అడుగుతారు, ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడేమిటని. అది చిత్రకారుడి కల్పన కాదు. గద్దలు పెద్ద జంతువును పట్టినప్పుడు అది చావకముందే తినడం మొదలుపెట్టడం మామూలే. వెనక వేలి గోరు, లోపలివైపు ముందు వేలి గోరు మిగతా వాటికంటే పెద్దవి, వేటను నేలకేసి తొక్కిపట్టేవి అవే. ఫాల్కన్ జాతి డేగల తీరు వేరు. వాటి పైముక్కు అంచున పన్నులాంటి మొన ఉంటుంది. దాంతో వేట మెడ కొరికి వెన్నుపాము తెంచేస్తాయి. స్నైడర్స్ అక్కడ డేగను వేసి ఉంటే, ముక్కు పొట్ట దగ్గర కాక మెడ మీద ఉండాల్సి వచ్చేది.